నాన్న ఆవలింతలు

మొన్న ఆదివారం మా కుక్క గోళ్ళు కత్తిరిద్దామని కత్తెర తీశాను. ఇంకా దాని దగ్గరికి వెళ్ళనైనా లేదు. నిలబడ్డ చోటే ఒక పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళూ చాపేసి, నాలుక బయటపెట్టి పడిపోయింది. మా అమ్మాయి నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఫోనుతో వీడియో తీసింది. సాయంత్రానికి నూట నలభై మందికి పైగా చూశారట. కింద ఒకటే రాతలు. ఓవర్ యాక్టింగ్ అని ఒకరు, నౌటంకీ అని ఇంకొకరు.

"తీసెయ్," అన్నాను.

"మమ్మీ, మజాక్ హై. అందరికీ నచ్చింది."

"అది మజాక్ చెయ్యట్లేదు. దాని గుండె మీద చెయ్యి పెట్టి చూశావేటి? నేను చూశాను. నిమిషానికి నూట అరవై నాలుగు. ఊరికే పడుకున్నప్పుడు తొంభై దాటదు."

"అచ్ఛా, కుక్క గుండె కూడా లెక్కపెట్టేశావా," అని మా అమ్మాయి ఇంకాస్త నవ్వింది గాని, వీడియో తీసేసింది.

నేను బిలాస్‌పుర్ పక్కన సిర్గిట్టిలో ఒక గోదాము దగ్గర లారీల తూకం రాస్తాను. లెక్కలు పెద్దగా చదువుకోలేదు. వచ్చినవన్నీ నా అంతట నేను నేర్చుకున్నవే. కాంటా మీద అంకె కదలడం ఆగేదాకా కాగితం మీద పెన్ను పెట్టను. డ్రైవర్లు హారన్లు కొడతారు, కొట్టనీ. కొలవకుండా మాట అనెయ్యడం నాకు నచ్చదు. నౌటంకీ అన్న మాట అలాంటిదే. మా వైపు వేషాలు వేసేవాళ్ళని అలా అంటారు. చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురు మనుషులనీ, ఒక కుక్కనీ ఆ మాట అన్నారు. ఆ నలుగురిలో ఒక్కరూ వేషం వెయ్యలేదు. ఈ ముక్క రాసి పెట్టాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

అప్పుడు మాది తార్‌బహార్ వైపు రైల్వే క్వార్టర్. రెండు గదులు, వెనక వసారా, వసారాలో కుళాయి. మా లైనులో పద్నాలుగు క్వార్టర్లుండేవి. తొమ్మిదింట్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో పట్టాల పనికి వచ్చి ఉండిపోయిన మావాళ్ళు, మిగతా ఐదింట్లో ఇక్కడివాళ్ళూ, బీహారువాళ్ళూ. సాయంత్రం ఆరింటికి తొమ్మిది ఇళ్ళలోంచి చారు పోపు వాసన, ఐదింట్లోంచి ఆవనూనె వాసన లేచేవి. వాటి మీద ఇంజన్ల షెడ్డు నుంచి గాలి తెచ్చే గ్రీజు వాసన. వేసవిలో అయితే కూలర్లలో తడిసిన గడ్డి వాసన అన్నిటినీ కప్పేసేది. కళ్ళు మూసుకుని నడిచినా ఏ క్వార్టర్ ముందున్నానో చెప్పగలిగేదాన్ని. పందెం కాసి చెప్పాను కూడా. పద్నాలుగింటికి పన్నెండు.

అప్పటి మా కుక్క మట్టిరంగుది. దానికి స్నానం అంటే ప్రాణం పోయేది. కుళాయి కింద ఇనప బాల్చీ పెట్టిన చప్పుడు వింటే చాలు, ముందు మూడుసార్లు పెద్దగా ఆవలించేది, ఆ తరవాత కాళ్ళు నాలుగూ పైకెత్తి వెల్లకిలా పడిపోయేది. లైనులో పిల్లలందరికీ అది సర్కస్సు. స్నానం లేని రోజుల్లో కూడా బాల్చీని పట్టుకెళ్ళి కుళాయి కింద ఠంగుమని పెట్టేవాళ్ళం, అది పడిపోవడం చూడ్డానికి. నేను కూడా మూడుసార్లు చేశాను. మూడోసారి ఎందుకో వంగి దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టాను. చేతి కింద లెక్కకి అందనంత వేగంగా కొట్టుకుంటోంది. ఆ తరవాత నేను ఆ పని చెయ్యలేదు. చేసినవాళ్ళని చెయ్యనివ్వలేదు. ఒకడి చెయ్యి కొరికాను కూడా.

రెండో నౌటంకీ మా నాన్నమ్మ. తాత పింఛను ఆవిడకి వచ్చేది. ఏడాదికి ఒకసారి ఆఫీసుకి వెళ్ళి, బతికే ఉన్నానని కనబడి, వేలిముద్ర వేసి రావాలి. ఇంట్లో అందరి మీదా అరిచే మనిషికి ఆ రోజు పొద్దున్న నోట మాట పడిపోయేది. కాళ్ళు చల్లబడేవి. కళ్ళు తేలేసేది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని రిక్షా ఎక్కించేవారు.

"బతికున్నానని సెప్పుకోడానికి ఎళ్ళే రోజే ఈవిడ సచ్చిపోయినట్టుంటాదేటో," అనేది పక్కింటావిడ.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాని లైను మొదట్లోనే ఆపించి, తనే దిగి, విసవిసా నడిచి వచ్చేది. వస్తూనే బియ్యప్పిండి చీలాలు పొయ్యమనేది. ఛత్తీస్‌గఢీవాళ్ళ దగ్గర అమ్మ నేర్చుకున్న పల్చటి అట్లు అవి. కాల్చిన టమాటా పచ్చడితో నాలుగు తినేది. అది చూసి అందరూ, "సూసినారా, పొద్దుట్నించీ నాటకమే," అనేవారు. నాలుగు చీలాలు తిన్నంత మాత్రాన పొద్దున్న కాళ్ళు చల్లబడలేదని కాదు. పట్టుకుని చూసినదాన్ని నేను.

మూడోది నేను. తెలియని పెద్దవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే నాకు ఎక్కిళ్ళు పట్టుకునేవి. చిన్నవి కావు. భుజాలు ఎగిరిపడేవి. బళ్ళో పై అధికారి ఎవరో వచ్చి నన్ను లేపి ఊరి పేరు అడిగితే, బిలాస్‌పుర్ అన్న ఒక్క మాటని నాలుగు ముక్కలు చేసి చెప్పాను. క్లాసంతా నవ్వింది. నీళ్ళు తాగించారు, పంచదార నోట్లో పోశారు, వెనక నుంచి వీపు మీద చరిచారు. ఆ మనిషి బడి గేటు దాటితే గాని ఆగలేదు.

నాలుగోవాడు మా నాన్న.

నాన్న గూడ్సు డ్రైవరు. బొగ్గు నింపిన బండిని పల్లంలో దింపుతూ మంచినీళ్ళు తాగగల మనిషని ఆయన అసిస్టెంటు చెప్పేవాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. డ్యూటీ నుంచి వస్తే ముందు కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కుని, చోడి అంబలి ఒక గ్లాసు తాగి, అప్పుడు నోరు విప్పేవాడు. ఆయన దగ్గర ఒక చేతిగడియారం ఉండేది. దాని అద్దం మీద నలభై ఏడో సెకను దగ్గర చిన్న ఎర్ర చుక్క ఉండేది, రంగుతో పెట్టింది. అదేమిటని అడిగితే, పాసు మీద ఊరెళ్తున్నప్పుడు రైల్లో చూపించాడు.

"కింద టకటకమని ఇనిపిస్తన్నాది కదా. అది పట్టాకీ పట్టాకీ మధ్యనున్న అతుకు. ఒక్కో పట్టా పదమూడు మీటర్లు. ముల్లు పైనున్నప్పుడు మొదలెట్టి, ఈ సుక్క దగ్గరికొచ్చీదాకా టకటకలు లెక్కెట్టు."

లెక్కపెట్టాను. యాభై రెండు.

"అయితే బండి గంటకి యాభై రెండు కిలోమీటర్లు పోతన్నాది. ఇంకేటీ సెయ్యక్కర్నేదు."

పదమూడు మీటర్లకీ నలభై ఏడు సెకన్లకీ ఆ పొత్తు ఎలా కుదిరిందో నాకు రెండేళ్ళ తరవాత గాని తెలియలేదు. తెలిసేదాకా నిద్ర పట్టలేదు. కాని ఆ రోజు నుంచి లెక్కపెట్టడం అంటే నాకు నలభై ఏడు సెకన్లే. కుళాయి చుక్కలు, నాన్నమ్మ గురక, ఏదైనా సరే ముల్లు ఎర్రచుక్క దగ్గరికి వచ్చేదాకా. అందరూ అలాగే లెక్కపెడతారనుకునేదాన్ని.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా నాన్నకి మెడికల్ వచ్చింది. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కళ్ళు, చెవులు, గుండె, రక్తపోటు అన్నీ చూసి, సరిగ్గా ఉంటేనే మళ్ళీ బండి ఇస్తారు. మా లైనులో ఎవరికి మెడికల్ వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లోంచి వెల్లుల్లి వాసన వచ్చేది. పదిహేను రోజుల ముందు నుంచి ఉప్పు మానెయ్యాలి, పరగడుపున పచ్చి వెల్లుల్లి నమలాలి, కళ్ళకని క్యారెట్లు, మునగాకు. వైద్యం తెలిసినవాళ్ళు చెప్పింది కాదు. డ్రైవర్ల ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నది. ఉప్పులేని చారు మా అందరికీ పోసేది అమ్మ, నాన్న ఒక్కడే తింటే బాధపడతాడని. నేను బళ్ళో ఉప్పు రాసిన జామకాయలు రోజుకి రెండు తిని ఆ లోటు తీర్చుకున్నాను.

కాగితం వచ్చిన రోజు నుంచి నాన్న ఆవలించడం మొదలుపెట్టాడు. నిద్ర వచ్చి కాదు. దవడలు విరిగేలా, కళ్ళల్లో నీళ్ళు కారేలా, ఒకటి పూర్తి కాకుండా ఇంకొకటి. వెళ్ళాల్సిన రోజు పొద్దున్న పళ్ళు తోముకున్న దగ్గర నుంచి గేటు దాటేదాకా ముప్పై ఎనిమిది. మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చొక్కా వీపు తడిసింది.

"ఏట్రా, ఆడపిల్ల పెళ్ళిచూపులకి కూకున్నట్టు సెమటలు," అంది నాన్నమ్మ.

"ఏటికేడాది మీరు సేసీదేటత్తా," అని అమ్మ వంటింట్లోంచే అడిగింది.

ఆసుపత్రిలో చేతికి పట్టీ కట్టి గాలి కొడితే పాదరసం ఎక్కడికో వెళ్ళిపోయిందట. ఆ ఆవలింతలు చూసి కాంపౌండరు, "రాత్రి తాగేవా?" అని అడిగాడట. నాన్న జీవితంలో తాగలేదు. సిక్‌లిస్టులో పేరు రాసి, మందు ఇచ్చి, పది రోజుల తరవాత రమ్మన్నారు. పది రోజుల తరవాత ఇంకా పైకి ఎక్కింది. మరో పది రోజులు. మూడోసారి కూడా దిగకపోతే ఇంజను మీంచి దింపేసి షెడ్డులో ఏదో కూర్చునే పనిలో వేస్తారని షెడ్డంతా చెప్పుకున్నారు. బండి మీద పులి, డాక్టరు ముందు పిల్లి అన్నారు. ఇంకొన్నాళ్ళు సెలవు దొరుకుతుందని నౌటంకీ చేస్తున్నాడన్నారు. ఆ మాట నాన్న చెవిన పడింది. ఇంటికి వచ్చి అంబలి తాగకుండా మంచం మీద కూర్చున్నాడు. డ్యూటీకి తీసుకెళ్ళే ఇనప పెట్టె మూల ఉంది. దాని వైపే చూస్తూ అన్నాడు.

"బండి దిగిపోతే నేనేటి?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు. నేను మాత్రం నన్నే అడిగాడనుకున్నాను. గడియారం అడిగి తీసుకుని, ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఏటమ్మా?"

"ఊరుకో. లెక్కపెడతన్నాను."

లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీసుకున్నాను. తొమ్మిది రోజులు రాశాను. లేచినప్పుడు, తిన్నాక, రేడియో వింటున్నప్పుడు, నాన్నమ్మతో మాటపడ్డాక. యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, మళ్ళీ యాభై ఎనిమిది. ఇంట్లో అరవై దాటింది రెండే సార్లు, రెండూ నాన్నమ్మ వల్లే. ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న ఆసుపత్రి దారిలో తీసుకెళ్ళాను, లోపలికి వెళ్ళకుండా. క్వార్టర్ గేటు దగ్గర అరవై ఒకటి. ఆసుపత్రి నీళ్ళట్యాంకు కనబడే మలుపు దగ్గర డెబ్బై. ఆసుపత్రి గేటు దగ్గర డెబ్బై ఏడు. నడిచినందుకు పెరిగిందని ఎవరైనా అంటారని మర్నాడు అదే దూరం ఎదురు దిక్కులో బజారుకి నడిపించి, కూరగాయల దగ్గర నిలబెట్టి మణికట్టు పట్టుకున్నాను. అరవై మూడు. వంకాయలమ్మే ఆవిడ మాకేదో జబ్బనుకుని రెండు వంకాయలు ఎక్కువ వేసింది.

మూడో మెడికల్ రోజు నేను బడి మానేస్తానన్నాను. అమ్మ వద్దంది. నాన్న ఆవలింతల మధ్య, "రానీ," అన్నాడు. ఆ ఒక్క మాట ఎంత సన్నగా వచ్చిందంటే, అమ్మ నా జడ వేసి పంపేసింది.

ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చోబెట్టి లెక్కపెట్టాను. ఎనభై ఆరు. రాశాను. ఫినాయిల్ వాసన, స్పిరిట్ వాసన. పక్కన ఉన్నవాళ్ళంతా నాన్న ఆవలింతలు చూస్తున్నారు. పేరు పిలిచారు. నేనూ లేచి లోపలికి నడిచాను. నా ఎక్కిళ్ళు గుమ్మం దగ్గరే మొదలయ్యాయి.

డాక్టరు కళ్ళద్దాల మనిషి, తెలుగువాడు కాదు. ఆ గదిలో మాటలన్నీ హిందీలోనే జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈ పిల్లెవరు?"

నేను పుస్తకం ఆయన బల్ల మీద పెట్టాను. చెప్పాలనుకున్నది రాత్రంతా బట్టీ పట్టాను గాని, ఎక్కిళ్ళలో "ఇంట్లో" అన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది. కాంపౌండరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. గళ్ళు చూశాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. తరవాత నాన్న మణికట్టు తీసుకుని, తన గడియారం చూస్తూ నిమిషం కూర్చున్నాడు.

"నాకు నూట పది వచ్చింది. ఇప్పుడే బయట నువ్వు రాసింది ఎనభై ఆరు. ఇంట్లో యాభై ఎనిమిదట. మీ నాన్న ఏమైనా పహిల్వానా? ఈ పుస్తకం తప్పు, పాపా."

పుస్తకం మూసి నా వైపు జరిపాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. తొమ్మిది రోజులు, నలభై మూడు గళ్ళు. అన్నీ తప్పా? ఎక్కిళ్ళు ఎంత పెరిగాయంటే బల్ల పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నాన్న వంగి, మెల్లిగా, తెలుగులో అడిగాడు.

"ఎంతసేపు లెక్కెట్టేవమ్మా?"

"నల...భై ఏడు."

నాన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. తరవాత నవ్వాడు. మూడు వారాల్లో అదే మొదటి నవ్వు. భుజాలు కదిలేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, డాక్టరుకి గడియారం మీది ఎర్రచుక్క చూపించి, పట్టా పొడుగు, టకటకలు, అన్నీ చెప్పాడు. ఇది బండి వేగం లెక్కపెట్టే పద్ధతి సార్, ఈ పిల్లకి వేరే పద్ధతి తెలీదు అన్నాడు.

డాక్టరు ఆ గడియారాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అయితే నిమిషానికి ఎంతవుతుందో చెప్పు," అన్నాడు నాతో.

తగ్గింది పదమూడు సెకన్లు. నలభై ఏడుకి పదమూడు అంటే పావు కంటే కొంచెం ఎక్కువ. ఆ కొంచెం ఎంతో నేను అక్కడే, బల్ల పట్టుకునే ఆలోచించాను. ఎనభై ఆరులో పావు ఇరవై ఒకటిన్నర. పైన ఇంకో రెండు, కొంచెం.

"నూట... పది," అన్నాను.

డాక్టరు కుర్చీలో ముందుకి వంగాడు.

"ఇంట్లో యాభై ఎనిమిది?"

"డెబ్బై... నాలుగు."

డాక్టరు పుస్తకం మళ్ళీ తెరిచాడు. ఈసారి ప్రతి గడీ మీదా వేలు పెట్టి చూశాడు. బజారు పేజీ దగ్గర ఆగి, ఇదేమిటని అడిగాడు. చెప్పాను. కాంపౌండరు వైపు తిరిగి, "అబద్ధం రాసేవాళ్ళు డెబ్బై రెండు అని రాస్తారు. యాభై ఎనిమిదని రాయరు," అన్నాడు. తరవాత నాన్నని అడిగాడు.

"దేనికి భయం?"

రెండుసార్లు ఇదే ప్రశ్నకి నాన్న, ఏమీ లేదు సార్ అన్నాడట. ఈసారి ఆవలింత వచ్చింది. అది పూర్తి కానిచ్చి, అన్నాడు.

"బండి దింపేస్తారని భయం సార్. ఈ పట్టీ చూస్తే భయం."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"భయం అని చెప్పిన డ్రైవరుకి బండి ఎవరిస్తారు సార్?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తరవాత చెప్పినది నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "నేను తక్కువ రాయను. ఎంత వస్తే అంతే రాస్తాను. కాని ఎప్పుడు కొలవాలన్నది నా ఇష్టం. పట్టీ చేతికే ఉంచుకుని బయట బెంచీ మీద కూర్చో. ఈ పిల్ల అంకె ఇంటి అంకెకి దిగాక, తనే వచ్చి నన్ను పిలవాలి."

తనే వచ్చి పిలవాలి. అది విన్నాక నా ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి.

బయట కూర్చున్నాం. ఎనభై ఆరు. ఎనభై ఒకటి. ఎనభై రెండు. నాన్న చేతి పట్టీ గొట్టం ఒళ్ళో పెట్టుకుని, మొదట దాన్ని చూడ్డానికే ఇష్టపడలేదు. డెబ్బై ఆరు. ఆవలింతలు దూరందూరంగా రావడం మొదలుపెట్టాయి. అమ్మ కట్టిచ్చిన మరమరాలు తిన్నాం. ఉప్పు లేదు. "ఉప్పులేని మరమరాలు ఎవరైనా తింటారేటమ్మా," అన్నాడు నాన్న. అరవై తొమ్మిది. మా వెనక వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. గంటా పది నిమిషాలయ్యింది. అరవై నాలుగు. ఇంకో పావుగంట ఆగాను. అరవై ఒకటి. మా క్వార్టర్ గేటు దగ్గర వచ్చిన అంకె. మళ్ళీ చూశాను. అరవై ఒకటి.

తలుపు దాకా తొమ్మిది అడుగులు. లోపల నలుగురు తెలియని మనుషులున్నారు. నేను ఎగిరెగిరిపడుతూనే వెళ్ళాను. కాంపౌండరు నన్ను చూసి, ఎవరితోనో అన్నాడు.

"వచ్చింది. ఇది కూడా నౌటంకీయే."

"నౌటంకీ... కాదు," అన్నాను. "అరవై... ఒకటి."

డాక్టరు లేచి, తనే బెంచీ దగ్గరికి వచ్చి కొలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పాదరసం మొదటిసారి నూట నలభై రెండు దగ్గర, తరవాత రెండుసార్లూ నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగడం నేను చూశాను. మూడు అంకెలూ రాసుకున్నాడు. నెల తరవాత మళ్ళీ చూపించుకోమని చెప్పి, బండికి పంపొచ్చని సంతకం పెట్టాడు. పుస్తకం తిరిగి ఇస్తూ, "నిమిషానికి అరవై సెకన్లుంటాయి," అన్నాడు. తెలుసన్నాను.

ఆ సాయంత్రం అమ్మ చారులో ఉప్పు వేసింది. నాన్నమ్మ అన్నీ రెండుసార్లు చెప్పించుకుని విని, "అయితే నాకూ ఎవులైనా లెక్కెట్టాల ఆ ఆపీసులో," అంది. ఆ ఏడు నేను ఆవిడతో వెళ్ళాను. ఆవిడ కాళ్ళు చల్లగానే ఉన్నాయి, నాకు ఎక్కిళ్ళు వస్తూనే ఉన్నాయి, వేలిముద్ర మాత్రం పడింది.

ఇప్పుడు ఆ పద్నాలుగు క్వార్టర్లూ లేవు. పట్టాలని అతుకుల్లేకుండా వెల్డింగు చేసేశారు. రైల్లో కింద నుంచి టకటకలు వినబడవు. నలభై ఏడు సెకన్ల లెక్క దేనికీ పనికిరాదు. వెల్లుల్లి వాసన బట్టి పక్కింటి సంగతి తెలుసుకునేవాళ్ళూ లేరు. పోయినవాటి గురించి నాకు పెద్దగా బెంగ లేదు. ఆ ఉప్పులేని చారు మళ్ళీ ఎవరైనా పోస్తానంటే నేను తాగను. కాని ఒళ్ళు చెప్పేదాన్ని వేషం అనే అలవాటు మాత్రం పోలేదు. అదెందుకు మిగిలిందో నాకు తెలీదు. అది పోయి ఉండాల్సింది.

ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళలో నాన్నకి ఇంకో నాలుగు మెడికల్స్ అయ్యాయి. నన్ను తీసుకెళ్ళలేదు. ఒక్కడే వెళ్ళేవాడు. డాక్టర్లు మారారు, కాంపౌండర్లు మారారు. పట్టీ పట్టుకుని ఎవరు దగ్గరికి వచ్చినా ముందుగా తనే చెప్పేవాడట. నాకు ఇదంటే భయం, బయట ఒక గంట కూర్చుంటాను, అప్పుడు కొలవండి అని. షెడ్డువాళ్ళు వింటుండగానే చెప్పేవాడు. చివరిసారి ఎవరో కుర్ర డాక్టరు, "ఇంత సర్వీసు అయ్యాక కూడా ఇంకా భయమేనా?" అని అడిగాడట.

"తగ్గలేదండీ. మీరు ఈలోగా మిగతావాళ్ళని చూడండి," అన్నాడట నాన్న.

చూశారు. గంట ఆగి కొలిచారు. బండి ఇచ్చారు.